ఈ జబ్బు ఎవరి పాపం?



ఈ సంచికలో షుగరు వ్యాధి గురించి రాయాలనుకున్నాం. కాని మొన్న వర్షాకాలంలో ఒక రాత్రి జరిగిన సంగతి మమ్మల్ని వదలడం లేదు. అందుకే ముందు ఇది రాస్తున్నాం.

కొల్లేటి లంక గ్రామం నుంచి ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును ఆటోలో వేసుకుని రాత్రి పదకొండు గంటలకు వచ్చింది. పిల్లవాడి బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. చేపల చెరువు గట్టు మీద నడుస్తుండగా ఫిట్స్ వచ్చి నీళ్లలో పడ్డాడు. మేత వేసే మనిషి చూసి పైకి లాగాడు కాబట్టి బతికాడు. ఓ.పి. చీటీ తిరగేసి చూశాం. రెండేళ్లుగా మా దగ్గరే మందు వాడుతున్నాడు, ఏడాదికి పైగా ఒక్క ఫిట్ కూడా లేదు. మరి ఇప్పుడెందుకు వచ్చింది? మూడు వారాల క్రితం బిళ్లలు ఆపేశారు.

ఎందుకు ఆపారమ్మా అని అడిగితే ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఇంటి ప్రార్థనలో సంఘపెద్ద ఒకాయన నిర్గమకాండము 20వ అధ్యాయం తెరిచి, తండ్రుల దోషం మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి వస్తుందన్న చోటు చదివాడట. "మీ ఆయన తాగుడే బాబుకి తగిలింది. ఇది బిళ్లలతో పోయేది కాదు, ఉపవాసం ఉండండి" అన్నాడట. ఆమె ఉపవాసం ఉంది. బిళ్లలు చూరులో పెట్టేసింది.

"సిస్టరమ్మగారూ, నిజంగా వాళ్ల నాన్న పాపమేనంటారా?" అని అడిగింది.

ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేస్తున్నా, ఆ ప్రశ్నకు మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆ పెద్దమనిషి చెడ్డవాడని చెప్పలేం. ఆ రాత్రి ఆటోకు డబ్బులిచ్చి పంపింది ఆయనే. ఆయన చదివిన మాట బైబిలులో లేదని కూడా చెప్పలేం. ఉంది. అదే మన కష్టం.

మేమూ తీర్పు తీర్చాం

ఆ పెద్దాయన్ను తప్పుపట్టే ముందు మా తప్పు ఒప్పుకోవాలి. 2001 ప్రాంతంలో మేము వేరొక ఆసుపత్రిలో పనిచేస్తుండగా తాడేపల్లిగూడెం వైపు పల్లె నుంచి ఒక లారీ డ్రైవరు భార్య వార్డులో చేరింది. భర్త అప్పటికే చనిపోయాడు. ఆమెకు హెచ్.ఐ.వి. అని తేలింది. వార్డు చివరన కిటికీ పక్క మంచం ఇచ్చాం. కంచం వేరు, గ్లాసు వేరు పెట్టాం. కంచం వల్ల ఆ జబ్బు అంటదని చదువుకున్న వాళ్లమే అలా చేశాం. చేతి తొడుగులు లేకుండా ఆమె నుదురు ముట్టుకున్న వారు మాలో లేరు. "పాపం వల్ల వచ్చే జీతం" అని మాలో మేము గుసగుసలాడుకున్నాం. ఒకరోజు ఆమే అడిగింది: "సిస్టరుగారూ, నేనేం చేశాను?" ఆమె చేసిందల్లా ఒక మనిషిని పెళ్లి చేసుకోవడం. మేము తల వంచుకుని థర్మామీటరు చూస్తున్నట్టు నిలబడ్డాం.

మన దేశంలో ఆ జబ్బుకు ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ఆమె అప్పటిదాకా బతకలేదు. ఈ రోజుల్లో అదే జబ్బుతో మందులు వాడుతూ పిల్లల్ని చదివించుకుంటున్న తల్లులను చూస్తున్నాం. దాన్ని దేవుని తీర్పు అని మేము అనుకున్నాం గాని, అది మందు దొరకని జబ్బు మాత్రమే. తీర్పు జరిగింది నిజమే, అది మేము తీర్చినది.

ఏలూరు వీధుల్లో 2020 డిసెంబరు

మీలో చాలామందికి ఇది కళ్లారా చూసిన సంగతి. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో ఉన్నట్టుండి మనుషులు పడిపోసాగారు. మూర్ఛ, నోట నురగ, కళ్లు తిరగడం, వాంతులు, కొద్దిసేపు ఏమీ గుర్తులేకపోవడం. కొద్దిరోజుల్లోనే 600 మందికి పైగా బాధపడ్డారు. ఒక ఇంట్లో ఒకరికి వచ్చి, పక్కనున్న వారికి రాలేదు. అప్పటికే కోవిడ్‌తో భయపడి ఉన్న జనం. ఇది దేవుని ఉగ్రత, అంత్యదినాల గురుతు అన్న మాటలు మేమూ విన్నాం.

అదృష్టవశాత్తు కొందరు ఆ మాటల దగ్గర ఆగిపోలేదు. రక్తం తీశారు, నీళ్లు పట్టుకెళ్లారు, కూరగాయలు పరీక్షించారు. వైరస్ కాదని తేలింది. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల నివేదికలను బట్టి పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చని చెప్పారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుని ఇళ్లకు వెళ్లారు.

అందరూ దీన్ని ఉగ్రత అని ఊరుకుని ఉంటే ఆ నీళ్లను ఎవరు పరీక్షించేవారు? రోగి మీద తీర్పు చెప్పేస్తే అసలు కారణం వెతకడం మానేస్తాం. మా వృత్తిలో ఇది చాలా ప్రమాదం.

బైబిలు చెప్పేది ఒక్కటే మాట కాదు

మేము వేదాంత కళాశాలలో చదవలేదు. మేము చదివింది నర్సింగు డిప్లొమా. కాని ప్రతి ఉదయం వార్డు ప్రార్థనలో వాక్యం చదువుతాం, చదివిన వెంటనే రోగుల ముఖాలు చూస్తాం. అలా చూస్తూ చదివినప్పుడు కనిపించినవే ఇక్కడ రాస్తున్నాం.

మొదట, నిర్గమకాండములోని ఆ వాక్యం అక్కడితో ఆగదు. దోషాన్ని మూడు నాలుగు తరాల లెక్కలో చెప్పి, ఆ వెంటనే కరుణను వెయ్యి తరాల లెక్కలో చెబుతుంది. ఆ పెద్దాయన సగంలో పుస్తకం మూశాడు. తండ్రి తాగుడు పిల్లల మీద పడుతుందన్న మాటలో నిజం లేకపోలేదు. కూలి డబ్బు సారా కొట్టుకు పోతే పిల్లవాడి బిళ్లలకు, బడికి, కడుపుకు ఏమీ మిగలదు. ఇది మేము రోజూ చూస్తున్నదే. కాని ఇది ఫలితం. దీన్ని పట్టుకుని పిల్లవాడిని దోషిగా నిలబెట్టే అధికారం మనకు లేదు. తండ్రి నేరానికి కొడుకును చంపకూడదని ద్వితీయోపదేశకాండము 24లో మనుషులకు ఖండితంగా ఆజ్ఞ ఉంది. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను ఇకమీదట పలకవద్దని యెహెజ్కేలు 18లో దేవుడే ఆ జనాంగాన్ని గద్దించాడు.

ఇక కుష్టు. ఆ మాట బైబిలులో చదివి ఎన్నో కుటుంబాలు తమవారిని ఇంటి నుంచి వెళ్లగొట్టాయి. లేవీయకాండము 13, 14 అధ్యాయాలు నిదానంగా చదవండి. బట్టకు, ఇంటి గోడకు కూడా కుష్టు పట్టిందని అక్కడ ఉంటుంది. గోడకు వచ్చేది మనం ఆసుపత్రిలో చూసే కుష్టు కాదు. ఆ హెబ్రీ మాట రకరకాల మచ్చలకు, బూజుకు కూడా వాడేవారని పండితులు చెబుతారు. మనం చూసే కుష్టు ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది. నార్వే డాక్టరు హాన్సెన్ 1873లో దాన్ని కనిపెట్టాడు. వేళ్లు శాపం వల్ల రాలిపోవు. స్పర్శ పోయి, కాలినా కోసుకున్నా తెలియక పుండ్లు పడతాయి. మిషనరీ డాక్టరు పాల్ బ్రాండ్ వెల్లూరు ఆసుపత్రిలో ఇది గమనించి, వంకర్లు పోయిన చేతులకు ఆపరేషన్లు చేశాడు. ఇప్పుడు ఆ జబ్బుకు ఆరు నెలల నుంచి ఏడాది వాడే మందు ఉచితంగా దొరుకుతుంది. అయినా భార్యకో భర్తకో కుష్టు ఉంటే విడాకులు అడగవచ్చన్న మాట మన క్రైస్తవుల విడాకుల చట్టంలో 2019 వరకు ఉంది. పార్లమెంటు దాన్ని తీసివేసేదాకా సంఘాలుగా మనం ఎంత మాట్లాడాం?

మూర్ఛ సంగతి మార్కు 9వ అధ్యాయంలో ఉంది. ఆ పిల్లవాడు కూడా తరచుగా నిప్పుల్లో, నీళ్లలో పడేవాడు. అతనికి అపవిత్రాత్మ పట్టిందని అక్కడ రాసి ఉంది. నర్సులుగా మాకు అది కష్టమైన భాగమే. ఆ కష్టాన్ని దాచం. అయితే మత్తయి 4వ అధ్యాయం చివర్లో దయ్యం పట్టినవారిని ఒక మాటతో, చాంద్రరోగులను, అంటే మూర్ఛరోగులను, మరో మాటతో వేరుగా చెప్పడం గమనించండి. ఇంకొకటి కూడా గమనించండి. ప్రభువు ఆ తండ్రిని అడిగిన ప్రశ్న ఏమిటి? ఇది ఎంతకాలం నుంచి ఉందని. మా ఓ.పి.లో మేము మొదట అడిగేది కూడా అదే. ఎవరు పాపం చేశారని ఆయన అడగలేదు.

ఆ ప్రశ్న అడిగింది శిష్యులు. యోహాను 9లో పుట్టుగుడ్డివాడిని చూసి, పాపం ఇతనిదా, కన్నవారిదా అన్నారు. ఇద్దరిదీ కాదని ప్రభువు చెప్పాడు. తర్వాత ఆయన నేల మీద ఉమ్మి, బురద చేసి, కళ్లకు రాసి పని మొదలుపెట్టాడు.

తప్పించుకోలేని భాగాలు

ఇంతటితో ముగిస్తే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. అంత సులభంగా లొంగని భాగాలు ఉన్నాయి. యోహాను 5లో బాగుపడిన మనిషితో, ఇక పాపం చేయవద్దు, ఇంతకంటే చెడ్డది రావచ్చు అన్నట్టు ప్రభువే హెచ్చరించాడు. కొరింథు సంఘంలో ప్రభురాత్రి భోజనాన్ని అయోగ్యంగా తీసుకున్నందువల్ల కొందరు రోగులయ్యారని పౌలు రాశాడు. అయితే ఆ మనిషితో ప్రభువు మాట్లాడింది స్వస్థపరచిన తర్వాత, దేవాలయంలో అతడు కనిపించినప్పుడు, హృదయం తెలిసినవాడుగా. కొరింథులో తప్పేమిటి? ఉన్నవాళ్లు ముందే తిని తాగి, లేనివాళ్లను ఆకలితో కూర్చోబెట్టి సిగ్గుపరిచారు. అందుకే ఎవరిని వారు పరీక్షించుకోమన్నాడు గాని, పక్కవాడిని పరీక్షించమనలేదు.

మాకు అన్నిటికంటే కష్టమైనది సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయం. దావీదు చేసిన పాపానికి అతని పసిబిడ్డ జబ్బుపడి ఏడో రోజున చనిపోయాడు. పిల్లల వార్డులో పనిచేసేవాళ్లు ఆ అధ్యాయం చదివి మామూలుగా టిఫిన్ తినలేరు. బిడ్డ ఏం చేశాడు? మాకు తెలియదు. ఎన్నోసార్లు చదివాం, ఇప్పటికీ తెలియదు. పరలోకంలో అడగాలనుకున్న ప్రశ్నల్లో అది ఒకటి.

కాని ఆ అధ్యాయంలో రెండు సంగతులు మాత్రం స్పష్టంగా కనిపించాయి. నాతాను బిడ్డ జబ్బును చూసి పాపాన్ని ఊహించలేదు. దేవుడు పంపగా వెళ్లి, రాజు చేసిన అన్యాయాన్ని రాజు ముఖం మీదే చెప్పాడు. మనం నాతానులం కాము, మన ఎదుట మంచం మీద ఉన్నది రాజు కాదు. ఇక రెండోది. బిడ్డ చనిపోతాడని ప్రవక్త చెప్పిన తర్వాత కూడా దావీదు సరేనని ఊరుకోలేదు. నేల మీద పడి, అన్నం మాని, బిడ్డ ఊపిరి ఉన్నంతసేపు బతిమాలాడు. సొదొమ కోసం అబ్రాహాము బేరమాడాడు. యాకోబు రాత్రంతా పెనుగులాడి కుంటుకుంటూ వెళ్లాడు. 88వ కీర్తన ఆశ మాట లేకుండా చీకటిలోనే ముగుస్తుంది, అయినా దాన్ని ఎవరూ బైబిలు నుంచి తీసివేయలేదు. కాబట్టి ఇలాంటి భాగాలు చదివి మనసు ఒప్పుకోకపోతే అది అవిశ్వాసం అనుకోకండి. దేవునితో పెనుగులాడినవారిని బైబిలు తన లోపలే ఉంచుకుంది.

అయితే తీర్పు లేదా?

ఉంది. తీర్పు లేదని మేము చెప్పడం లేదు. తీర్పు లేకపోతే అన్యాయం జరిగినవారికి దిక్కెవరు? ఆ లారీ డ్రైవరు భార్యకు దిక్కెవరు? మేము అడిగేదల్లా, తీర్పు మాట ఎవరి వైపు తిరిగి ఉందన్నదే.

లూకా 13లో ప్రభువు దగ్గరికి ఒక వార్త తెచ్చారు. పిలాతు కొందరు గలిలయులను చంపించాడు. ఆయన ఇంకొకటి గుర్తుచేశాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతావారికంటే పాపులా? కాదని ఆయనే చెప్పి, మారుమనస్సు మాటను వార్త తెచ్చినవారి వైపు తిప్పాడు. శిథిలాల కింద ఉన్నవారి వైపు తిప్పలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, ఆ నీళ్లే కొల్లేటికి దిగినప్పుడు మనం ఈ అధ్యాయం తెరవవలసింది.

ఆమోసు ప్రవక్త తీర్పు చెప్పింది దొంగ తూకాలు తూచేవారికి, పేదలను తొక్కేవారికి. ఆ లెక్కన బుడమేరు, తమ్మిలేరుల్లోకి ఊళ్ల మురుగు వదిలింది ఎవరు? మోతాదు చూడకుండా మందులు కొట్టింది ఎవరు? ఆ పంట తిని, ఆ నీళ్లు తాగి పడిపోయినవాడు ఎవరు? తీర్పు వాక్యం చదవాలంటే పడిపోయినవాడి మీద కాదు. మనలో అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, చూసి ఊరుకునేవాళ్లు అందరం నిలబడి మన మీద చదువుకోవాలి.

చివరికి మత్తయి 25. అంత్యతీర్పు గురించి ప్రభువు ఇంత వివరంగా చెప్పిన చోట్లు తక్కువ. అక్కడ న్యాయాధిపతి రోగిని దోషిగా నిలబెట్టలేదు. తానే రోగినయ్యానని, చూడడానికి వచ్చారా లేదా అని మిగతావారిని అడిగాడు. రోగి మంచం మీద ఉన్నది ఆయన. ఈ మాట అర్థమైన రోజు నుంచి డ్యూటీకి వెళ్లేటప్పుడు మాకు భయం వేస్తుంది. మంచి భయమే.

సంఘానికి మా మనవి

రోగిని చూడడానికి వచ్చేవారికి యోబు స్నేహితులే పాఠం. ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతకాలం బాగానే చేశారు. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక చెడింది. చివరకు దేవుడు వారిమీదే కోపగించాడు. కాబట్టి రండి, కూర్చోండి, చేయి పట్టుకోండి, కాస్త గంజి తాగించండి. కారణం చెప్పడం డాక్టరుగారికి, తీర్పు దేవునికి వదిలేయండి. తాగుడు వల్ల కాలేయం చెడిందని మేము రోగికి చెప్పవలసి వస్తే చెబుతాం, మానమని బతిమాలుతాం. కారణం చెప్పడం వేరు, శిక్ష వేయడం వేరు.

ఉపవాస ప్రార్థన చేయండి. మేమూ చేస్తాం. కాని ఉపవాసం మీరు ఉండండి, రోగి మందు మాత్రం ఆపవద్దు. మూర్ఛ మెదడుకు వచ్చే జబ్బు. లోకంలో సుమారు 5 కోట్ల మందికి ఉంది. సరిగా మందు వాడితే వారిలో 70 శాతం మందికి ఫిట్స్ లేకుండా చేయవచ్చు. బిళ్లలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఫిట్స్ వచ్చినప్పుడు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చుట్టూ గుచ్చుకునే వస్తువులు తీసేయండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టవద్దు. కాళ్లు చేతులు అదిమి పట్టవద్దు. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోను చేయండి. మూర్ఛ ఉన్నవారిని చెరువు గట్టు మీదికి, దోనె మీదికి ఒంటరిగా పంపవద్దు. మన కొల్లేటి పల్లెల్లో ఇది మరీ ముఖ్యం.

ఆ రాత్రి ఆ తల్లికి జవాబు చెప్పలేకపోయామని రాశాం కదా. తెల్లవారుజామున పిల్లవాడు కళ్లు తెరిచాక ఆమె పక్కన కూర్చుని మార్కు 9వ అధ్యాయం చదివాం. "వాళ్ల నాన్న గురించి ఏమీ అడగలేదా అండీ యేసుప్రభువు?" అంది. "అడగలేదమ్మా. ఎప్పటి నుంచి అని మాత్రం అడిగాడు" అన్నాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఉదయం బిళ్ల ఎన్ని గంటలకు వేయాలి?" అని అడిగింది.

ఎనిమిది గంటలకని చెప్పాం.

మీ ప్రార్థనల్లో మా రోగులను, మమ్మల్ని జ్ఞాపకం చేసుకోండి.